ముందు పారబోసి, తర్వాత ఏరుకునే అవయవం

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే నా మాట వినిపిస్తోందన్నా అనుకోవాలి, చెయ్యెత్తమన్నదే వినిపించలేదన్నా అనుకోవాలి. (నవ్వులు)

ఇందాక బయట ఒకాయన నన్ను ఆపి, "కిడ్నీ అంటే జల్లెడే కదండీ, దాని గురించి ఇంతసేపు ఏం చెబుతారు?" అని అడిగారు. ఆయన ముందు వరసలోనే ఉన్నారు, ఎవరో చెప్పను. ఆ ప్రశ్నకు నాకు సంతోషమే. ఎందుకంటే ఆ జల్లెడ పోలికను మీ మనసులోంచి తీసేయాలనే నేనిక్కడికి వచ్చాను. జల్లెడ ఏం చేస్తుంది? కావలసింది ఒక పక్క ఉంచుతుంది, అక్కర్లేనిది ఇంకో పక్కకు రాలుస్తుంది. అంతటితో దాని పని అయిపోతుంది. కిడ్నీ అలా కాదు. మంచీ చెడూ చూడకుండా రక్తంలోని నీళ్లనూ, అందులో కరిగి ఉన్న చిన్న చిన్న పదార్థాలనూ ముందు గంపగుత్తగా బయటకు వంపేస్తుంది. ఆ తర్వాత కూర్చుని, వంపినదాంట్లోంచి ఒంటికి కావలసినవి ఏరుకుంటుంది. ఏరుకోగా మిగిలిందే మూత్రం.

ఇది మాట వరసకు చెప్పడం లేదు. లెక్క చూడండి. ఒక్కో కిడ్నీ మన పిడికిలంత ఉంటుంది, బరువు దాదాపు 150 గ్రాములు. చదువుకునే రోజుల్లో మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, దీనికోసమా ఇంత లావు పుస్తకాలు అనిపించింది నాకు. రెండూ కలిపినా శరీరం బరువులో అర శాతం కూడా ఉండవు. కానీ గుండె పంపే రక్తంలో ఐదో వంతు వీటికే వెళ్తుంది, నిమిషానికి లీటరు పైచిలుకు. అందులోంచి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవం వడకట్టబడుతుంది. రోజంతా లెక్కేస్తే 180 లీటర్లు.

మన ఒంట్లో రక్తం ఐదు లీటర్లు. కణాలు తీసేస్తే అందులో ప్లాస్మా మూడు లీటర్లే. మరి 180 లీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అదే మూడు లీటర్లు రోజుకు 60 సార్లు కిడ్నీలోకి వెళ్లి వస్తున్నాయన్నమాట. అంటే ప్రతి 24 నిమిషాలకూ ఒకసారి. నేను మాట్లాడటం ముగించేసరికి మీ ప్లాస్మా మొత్తం ఒకసారి బయట పడి, మళ్లీ లోపలికి వచ్చేసి ఉంటుంది. మీకు తెలియను కూడా తెలియదు. వడకట్టడం మాత్రం జరిగి, ఏరుకోవడం ఆగిపోయిందనుకోండి, అరగంట తిరక్కుండానే ఒంట్లో రక్తప్రసరణ అనేదే మిగలదు.

180 లీటర్లలో మూత్రంగా బయటకు పోయేది లీటరున్నర, రెండు లీటర్లు. మిగతా 99 శాతం వెనక్కి వచ్చేస్తుంది. ఈ 99ని కాస్త గుర్తుపెట్టుకోండి. అది 98 అయిందనుకోండి. పరీక్షల్లో ఒక్క మార్కు తగ్గితే ఏముంది అనుకుంటాం కదా, ఇక్కడ ఒక్క శాతం తగ్గితే మూత్రం రెట్టింపు అవుతుంది.

ఇంత చాకిరీ ఎందుకు? చెడ్డవాటిని మాత్రమే గుర్తుపట్టి బయటకు నెడితే సరిపోదా? నన్నడిగితే కిడ్నీ తెలివంతా ఇక్కడే ఉంది. సరుకులతో కుక్కిపెట్టిన ఒక బీరువాను ఊహించుకోండి. దాన్ని రెండు రకాలుగా సర్దొచ్చు. తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి, చెత్త ఏదో వెతికి వెతికి తీయడం ఒక పద్ధతి. దీనికి ఏది చెత్తో ముందే తెలిసి ఉండాలి. రెండో పద్ధతిలో మొత్తం నేల మీద గుమ్మరించి, కావలసినవి మాత్రమే తిరిగి పెట్టుకుంటాం. చెత్త రకాలెన్నో తెలియక్కర్లేదు. మనవి ఏవో తెలిస్తే చాలు. మన శరీరంలోకి రోజూ ఏమేమి చేరుతున్నాయో ఎవరు చెప్పగలరు? నిన్న కనిపెట్టిన మందు, ప్రకృతిలో ఎప్పుడూ లేని రసాయనం, ఏదైనా సరే, నీళ్లలో కరిగే చిన్న పదార్థమైతే కిడ్నీ దాన్ని గుర్తుపట్టాల్సిన పని లేదు. మనం ఏరుకునే జాబితాలో లేదు కాబట్టి అది వెళ్లిపోతుంది.

ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది. 1666లో ఇటలీలో మార్సెల్లో మాల్పిజి సూక్ష్మదర్శినిలో కిడ్నీ ముక్కను చూసి, చిన్న చిన్న గుండ్రని ఉండలున్నాయని రాశాడు. ఆ ఉండలు సన్నని రక్తనాళాల చుట్టలనీ, ఒక్కోదాని చుట్టూ గిన్నెలాంటి తొడుగు ఉందనీ, ఆ తొడుగులోంచే గొట్టం బయల్దేరుతుందనీ 1842లో విలియం బౌమన్ చూపించాడు. ఆ చుట్ట, తొడుగు, గొట్టం కలిపితే ఒక నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షలుంటాయి. అయితే ఆ తొడుగులో పడేది ఏమిటి, తయారైన మూత్రమా, ఇంకేమైనానా? దీని మీద దశాబ్దాల పాటు వాదులాడుకున్నారు. 1924లో అమెరికాలో జోసెఫ్ వెర్న్, ఆల్ఫ్రెడ్ రిచర్డ్స్ అనే ఇద్దరు వెంట్రుకకన్నా సన్నని గాజు గొట్టాన్ని కప్ప కిడ్నీలోని ఒక్క తొడుగులోకి గుచ్చి, అందులోని చుక్కను బయటకు లాగారు. అందులో చక్కెర ఉంది, ఉప్పు ఉంది. అదే కప్ప మూత్రాశయంలో ఉన్న మూత్రంలో అవి లేవు. అంటే దారిలో ఎవరో తీసేసుకున్నారు! దాంతో వాదన తేలిపోయింది.

ఆ 'ఎవరో' గొట్టం గోడల్లోని కణాలే. తొడుగును దాటగానే వచ్చే మెలికల భాగం అన్నిటికన్నా కష్టజీవి. వడకట్టిన నీళ్లలో, ఉప్పులో దాదాపు మూడింట రెండు వంతులు అక్కడే వెనక్కి వచ్చేస్తాయి. రోజుకు కిడ్నీలు వంపేసే ఉప్పు ఎంతో తెలుసా? సుమారు కిలోన్నర. మనం తినేది కొన్ని గ్రాములు. ఆ కిలోన్నరలో మనం తిన్న ఆ కొన్ని గ్రాములు తప్ప మిగతాదంతా వెనక్కి రావాలి. ఇదంతా ఊరికే జరగదు. కణాలు శక్తి ఖర్చుపెట్టి సోడియాన్ని పంపు చేయాలి. అందుకే బరువుతో పోలిస్తే కిడ్నీలు వాడుకునే ఆక్సిజన్ చాలా ఎక్కువ. రక్తపోటు బాగా పడిపోయినప్పుడు ముందుగా దెబ్బతినే అవయవాల్లో కిడ్నీ ఉండటానికి ఇదీ ఒక కారణం.

చక్కెర సంగతీ అంతే. రోజుకు 180 గ్రాముల గ్లూకోజ్ వడకట్టులో బయట పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అదంతా వెనక్కి వస్తుంది. కానీ ఏరుకునే చేతులు లెక్కకు ఇన్నే ఉంటాయి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఆ చేతులన్నీ నిండిపోతాయి. పట్టుకోలేకపోయినది మూత్రంలోకి జారిపోతుంది, పోతూ పోతూ నీళ్లను కూడా వెంట తీసుకుపోతుంది. షుగర్ బాగా పెరిగినవాళ్లు మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, దాహం వేయడం ఇందుకే. మధుమేహం అన్న మాటలోనే ఇదంతా ఉంది: మధువు అంటే తేనె, మేహం అంటే మూత్రం పోవడం. ఆ పేరు పెట్టినవాళ్లు దాన్ని ఎలా కనిపెట్టారో నేను చెప్పను. చీమలు కనిపెట్టాయనుకుందాం. (నవ్వులు)

కొన్నిటిని మాత్రం కిడ్నీ వదిలేసి ఊరుకోదు, వెతికి మరీ బయటకు నెడుతుంది. పెన్సిలిన్ అలాంటిది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ మందును మొదటిగా ఇచ్చిన రోగుల్లో ఒక పోలీసు కానిస్టేబుల్ ఉన్నాడు. ఒళ్లంతా చీము పట్టినవాడు నాలుగైదు రోజుల్లో తేరుకోసాగాడు. మందేమో చాలా కొద్దిగా ఉంది. ఇచ్చింది ఇచ్చినట్టే కిడ్నీలు బయటకు నెట్టేస్తున్నాయి. పరిశోధకులు అతని మూత్రాన్ని పట్టుకెళ్లి, అందులోంచి పెన్సిలిన్‌ను తిరిగి తీసి, అతనికే ఎక్కించారు. అయినా సరిపోలేదు. మందు అయిపోయింది, మనిషి దక్కలేదు. గొట్టంలోని కొన్ని కణాలు పెన్సిలిన్‌ను పనిగట్టుకుని రక్తంలోంచి లాగి మూత్రంలోకి తోస్తాయి. చాలా మందులకు పూటపూటకూ మోతాదు వేసుకోవాల్సి రావడం వెనకా, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు డాక్టర్లు మోతాదు తగ్గించడం వెనకా ఈ కిడ్నీ దారే ఉంటుంది.

ఇక అసలు వ్యర్థం, యూరియా. మనం తిన్న ప్రోటీన్ అరిగి విరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది. అది మెదడుకు విషం. చేపలకు ఆ బాధ లేదు, చుట్టూ నీళ్లే కదా, మొప్పల్లోంచి అలాగే వదిలేస్తాయి. పక్షులు దాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి తెల్లని ముద్దలా విసర్జిస్తాయి. మన కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. కిడ్నీ దాన్ని బయటకు పంపుతుంది. ఇంతవరకూ బడి పుస్తకాల్లో ఉన్నదే. అందులో సాధారణంగా ఉండనిది ఒకటి చెబుతాను. వడకట్టిన యూరియాలో దాదాపు సగాన్ని కిడ్నీ వెనక్కి తీసుకుంటుంది! వ్యర్థాన్ని ఎందుకు తీసుకోవడం? దాంతో దానికి పని ఉంది. ఆ పని నీళ్లకు సంబంధించినది. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

నీళ్లను పంపు చేసే యంత్రం మన ఒంట్లో ఎక్కడా లేదు. సోడియానికి పంపులున్నాయి, పొటాషియానికి ఉన్నాయి, నీళ్లకు లేవు. నీళ్లు ఎప్పుడూ తమంతట తామే, పలచన వైపు నుంచి చిక్కన వైపుకు వెళ్తాయి. మరి మూత్రంలోంచి నీళ్లను వెనక్కి లాగాలంటే ఏం చేయాలి? మూత్రం కన్నా చిక్కని చోటు ఒకటి పక్కనే తయారుచేసి పెట్టుకోవాలి. కిడ్నీ చేసింది అదే. తన లోపలి భాగాన్ని ఉప్పు ఊటలా మార్చి పెట్టుకుంది. అక్కడి ద్రవం రక్తం కన్నా నాలుగు రెట్లు చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనంలో దాదాపు సగం ఉప్పుది, మిగతా సగం మనం వ్యర్థం అని పేరుపెట్టిన యూరియాది.

ఆ చిక్కదనం ఎలా వస్తుంది? నెఫ్రాన్ గొట్టం ఒకచోట తలపిన్నులా కిందికి దిగి, వంపు తిరిగి పైకొస్తుంది. దాన్ని హెన్లీ శిక్యం అంటారు. దిగే కాలు నీళ్లను బయటకు వదులుతుంది. ఎక్కే కాలు ఉప్పును బయటకు తోస్తుంది గానీ, నీళ్లను చుక్క కూడా వదలదు. రెండు కాళ్లూ పక్కపక్కనే, ప్రవాహాలు మాత్రం ఎదురెదురుగా. ఎక్కే కాలు తోసిన ఉప్పు దిగే కాలులోని ద్రవాన్ని చిక్కబరుస్తుంది. ఆ చిక్కబడినదే వంపు తిరిగి ఎక్కే కాలులోకి వచ్చి, ఇంకాస్త ఉప్పును బయటకు ఇస్తుంది. ఇలా చిన్న తేడా మీద చిన్న తేడా పేరుకుని, అడుగున పెద్ద తేడా అవుతుంది.

ఈ ఉప్పు ఊట మధ్యలోంచే మూత్రం చివరి గొట్టం కిందికి దిగుతుంది. ఆ గొట్టం గోడకు నీటి తలుపులు ఉంటే నీళ్లు బయటకు దూకుతాయి, లేకపోతే అలాగే కిందికి పోతాయి. 'తలుపులు' అని ఊరికే అనలేదు. నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరసగా వెళ్లగలిగే ప్రోటీన్ రంధ్రాలు అవి. వీటిని ఆక్వాపోరిన్లు అంటారు. 1992లో పీటర్ ఆగ్రే బృందం వీటిని నిరూపించింది. ఆయన వెతుకుతున్నది ఎర్ర రక్తకణాల మీది ఇంకేదో ప్రోటీన్ కోసం, దొరికింది ఇది. 2003లో నోబెల్ వచ్చింది. ఆ చివరి గొట్టం కణాలు ఈ తలుపులను లోపల చిన్న సంచుల్లో దాచుకుని ఉంటాయి. మెదడు నుంచి కబురు రాగానే కొన్ని నిమిషాల్లో తెచ్చి గోడకు బిగిస్తాయి. కబురు ఆగిపోతే మళ్లీ లోపలికి లాక్కుంటాయి.

కబురు తెచ్చేది వాసోప్రెసిన్ అనే హార్మోన్. మెదడులో హైపోథాలమస్ అనే చోట రక్తం చిక్కదనాన్ని చూసే కణాలున్నాయి. ఒక్క శాతం మారినా వాటికి తెలుస్తుంది. చిక్కబడితే పిట్యూటరీ గ్రంథి నుంచి హార్మోన్ వదులుతాయి, దాంతోపాటు మనకు దాహం వేయిస్తాయి. మీరు ఒక లీటరు నీళ్లు గబగబా తాగారనుకోండి. రక్తం కొంచెం పలచబడుతుంది, హార్మోన్ ఆగుతుంది. అప్పటికే రక్తంలో తిరుగుతున్నది విరిగిపోవడానికి కాసేపు పడుతుంది. అందుకే నీళ్లు తాగిన వెంటనే కాదు, అరగంట తర్వాత మూత్రం జోరు పెరుగుతుంది. మద్యం ఈ హార్మోన్‌ను నేరుగా అణిచేస్తుంది. తాగినదానికన్నా ఎక్కువ బయటకు పోయి, మర్నాడు నాలుక పిడచగట్టుకుపోవడం అందువల్లే.

ఈ ఏర్పాటుతో మన మూత్రం రక్తం కన్నా నాలుగు రెట్లు చిక్కగానూ కాగలదు, ఆరో వంతు పలచగానూ కాగలదు. నాలుగు రెట్లకు మించి మాత్రం మనవల్ల కాదు. అందుకే నీళ్లు అసలు తాగకపోయినా, రోజువారీ వ్యర్థాలను కరిగించి పంపడానికి కనీసం అర లీటరు మూత్రం పోయి తీరాలి. సముద్రం మధ్యలో చిక్కుకున్నవాడు ఒక లీటరు సముద్రపు నీరు తాగితే, ఆ ఉప్పును బయటకు తోయడానికి లీటరున్నర దాకా మూత్రం కావాలి. తాగుతున్నకొద్దీ ఎండిపోతాడు. ఎడారిలో బతికే కంగారూ ఎలుక మూత్రం మనదానికన్నా నాలుగైదు రెట్లు చిక్కన. అది జీవితమంతా నీళ్లు తాగకుండా గింజలు తిని గడిపేయగలదు.

ఇప్పుడు 'కిడ్నీలను కడగడం' గురించి. రోజూ నాలుగైదు లీటర్లు తాగితే కిడ్నీలు శుభ్రపడతాయని ఒక ప్రచారం ఉంది. ఆ పేరుతో డీటాక్స్ పానీయాలూ అమ్ముతున్నారు. 180 లీటర్లు పారే కాలవలో మీరు ఇంకో రెండు లీటర్లు పోసి దాన్ని కడుగుతారా? వడపోత ఎంత జరగాలో మీరు తాగే నీళ్లు నిర్ణయించవు. ఎక్కువ తాగితే ఏరుకోవడం తగ్గుతుంది, మూత్రం పలచనవుతుంది, అంతే. ఆ పలచదనం కొందరికి నిజంగా అవసరం. రాళ్లు ఏర్పడే స్వభావం ఉన్నవాళ్లకు రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగమని చెబుతాం. మిగతావాళ్లకు దాహమే మంచి కొలత. వయసు మళ్లినవాళ్లకు దాహం సరిగా తెలియదు కాబట్టి వాళ్ల విషయం వేరు. గుండె, కిడ్నీ జబ్బులుండి డాక్టరు నీళ్లకు లెక్క చెప్పినవాళ్లు ఆ లెక్కకే కట్టుబడాలి. కిడ్నీలు గంటకు లీటరుకు మించి నీళ్లను వదిలించుకోలేవు. సుదూర పరుగు పందేల్లో భయపడి అతిగా నీళ్లు తాగి, రక్తంలో సోడియం పడిపోయి, మెదడు వాచి చనిపోయినవాళ్లు ఉన్నారు.

రక్తపోటును అదుపులో ఉంచే రెనిన్, ఎర్రకణాలు తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే ఎరిత్రోపొయెటిన్, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చడం, ఆమ్లాన్ని బయటకు పంపడం, ఇవన్నీ కిడ్నీ పనులే. ఒక్కోదానికీ ఒక్కో సాయంత్రం కావాలి, కాబట్టి వదిలేస్తున్నాను.

ఒక్క విషయం మాత్రం వదల్లేను. కిడ్నీ చెడిపోతే నొప్పి తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువమందిలో తెలియదు. కొన్ని నెఫ్రాన్లు పోతే మిగిలినవి ఆ పని కూడా నెత్తినేసుకుంటాయి. కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని రక్తంలో కొలుస్తాం కదా, వడపోత సామర్థ్యం సగం పడిపోయేదాకా ఆ అంకె 'నార్మల్' గీత లోపలే కనిపించవచ్చు. రిపోర్టు చూసి టెన్షన్ లేదనుకుంటాం. అందుకే ఆ అంకెతో పాటు వయసును బట్టి లెక్కకట్టిన వడపోత రేటు చూడాలి, మూత్రంలో అల్బుమిన్ ఉందేమో చూడాలి. అల్బుమిన్ పెద్ద ప్రోటీన్, మొదటి వడపోతలోనే ఆగిపోవాలి. అది మూత్రంలో పదే పదే కనిపిస్తోందంటే వడపోత పొరకు చిల్లు పడుతోందని అర్థం. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఈ రెండు పరీక్షలూ ఏడాదికోసారైనా కావాలి. నొప్పి మాత్రలను నెలల తరబడి సొంతంగా వేసుకునేవాళ్లు కూడా చేయించుకుంటే మంచిది. చాలా నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి.

పూర్తిగా చెడిపోతే డయాలసిస్ ఉంది కదా అంటారు. ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా నెదర్లాండ్స్‌లో విల్లెమ్ కోల్ఫ్ సెలోఫేన్ గొట్టాలతో, ఆచరణలో పనికొచ్చిన మొదటి యంత్రం చేశాడు. అది ఇప్పటికి లక్షలమందిని బతికించింది. కానీ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు చేసినా అది పూర్తి కిడ్నీ పనిలో పదో వంతుకు కాస్త ఎక్కువ చేస్తుందంతే. వ్యర్థాన్ని తీయడం దానికి వచ్చు. ఏది ఎంత ఉంచుకోవాలో క్షణక్షణం చూసుకుంటూ ఏరుకోవడం రాదు.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

(ఒక శ్రోత: కిడ్నీ దానం చేస్తే మిగిలిన ఒక్కదానితో సరిపోతుందా అండీ?)

సాధారణంగా సరిపోతుందమ్మా, ముందుగా అన్ని పరీక్షలూ చేసి సరేనన్నాకే తీస్తారు కాబట్టి. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరుల్లో ఒకరి కిడ్నీని ఇంకొకరికి అమర్చింది. విజయవంతమైన మొదటి మార్పిడి అది. ఇచ్చిన ఆయన ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా బతికారు. ఒక కిడ్నీ తీసేశాక రెండోదానికి రక్తం ఎక్కువ వస్తుంది, అది కాస్త పెద్దదవుతుంది. కొత్త నెఫ్రాన్లు మాత్రం పుట్టవు, ఉన్నవే ఒళ్లు చేస్తాయి. కొన్ని నెలల్లో మొత్తం వడపోత పాత దాంట్లో సగం దగ్గర ఆగిపోకుండా, మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా చేరుతుంది. ఇచ్చినవాళ్లు బీపీ, మూత్రంలో అల్బుమిన్ ఏటా చూపించుకోవాలి.

(ఇంకొక శ్రోత: నాకు అరవై దాటాయి. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తోంది. కిడ్నీ బలహీనపడినట్టా?)

అలా అనే చెప్పలేం. చిన్నతనంలో రాత్రిపూట వాసోప్రెసిన్ ఎక్కువగా వస్తుంది, తలుపులు తెరుచుకుంటాయి, మూత్రం తక్కువగా, చిక్కగా తయారవుతుంది. వయసుతో ఆ తేడా తగ్గిపోతుంది. ఆ ఉప్పు ఊట కూడా మునుపటంత చిక్కగా ఉండదు. దానికి తోడు పగలంతా కాళ్లలో దిగిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగి వస్తుంది, కిడ్నీ దాన్ని రాత్రే పంపేస్తుంది. ప్రోస్టేట్ ఉబ్బినా, షుగరున్నా, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగుతున్నా ఇలాగే జరగొచ్చు. మీరొక పని చేయండి. రెండు మూడు రోజులు పగలెంత, రాత్రెంత మూత్రం వస్తోందో కొలిచి కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సార్లు ఎక్కువా, మొత్తమే ఎక్కువా అన్నది ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. సార్లు మాత్రమే ఎక్కువైతే ముందు మూత్రాశయం వైపు చూస్తారు. మొత్తమే ఎక్కువైతే నేను ఇంతసేపు చెప్పినవన్నీ వెతకాలి.